మీ తరఫున నిలబడతాం

మా బాబాయికి వచ్చిన విద్య ఒక్కటే. నిలబడ్డం.

నవ్వకండి. ఓసారి మీరు నిలబడి చూడండి, తెలుస్తుంది. కాసేపటికే బరువు ఆ కాలి మీంచి ఈ కాలి మీదికి మారుస్తారు, గడియారం చూస్తారు, ముందున్నవాడి మెడ మీద పుట్టుమచ్చ కనబడితే దాని మీద కూడా విసుక్కుంటారు. బాబాయి అలా కాదు. ఆయన్ని ఓ చోట నిలబెట్టి మర్చిపోయి, సాయంత్రం గుర్తొచ్చి పరిగెత్తుకుంటూ వెళ్తే, అక్కడే, అదే మొహంతో ఉండి, "పని అయిందా?" అని అడుగుతాడు. ఎందుకు ఆలస్యమైందని కూడా అడగడు. వీధిలో అందరూ ఆయన్ని స్తంభం అనేవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే. ఈయన "ఆఁ" అని పలికేవాడు కూడా. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈ విద్య ఊరికే రాలేదు లెండి. ఓ పెద్ద బట్టల దుకాణంలో లిఫ్టు నడిపేవాడు. పెళ్ళికి ముందు చేరినవాడు, జుట్టు నెరిసేదాకా ఆ పెట్టెలోనే నిలబడి మీట నొక్కుతూ, "మూడో అంతస్తు, పిల్లల బట్టలు" అని చెప్తూ వచ్చాడు. తర్వాత వాళ్ళు కొత్త లిఫ్టు పెట్టారు. అందులో మీటలు ఎవరికి వాళ్ళే నొక్కుకోవచ్చు. అంతస్తు పేరు ఏదో ఆడగొంతు పలుకుతుంది. బాబాయి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "నాకంటే స్పష్టంగానే చెప్తోందిలే" అన్నాడు. ఆ పూట మా పిన్ని అన్నం ముట్టలేదు.

పిన్ని సంగతి కూడా చెప్పాలి. ఆవిడ ఎదురుచూడ్డం అనే పని పుట్టాక ఎప్పుడూ చేయలేదు. కుక్కర్ కూత వెయ్యకముందే మూత తియ్యబోయి చెయ్యి కాల్చుకున్న మనిషి. ఎవరైనా మాట్లాడుతుంటే సగంలోనే జవాబు చెప్పేస్తుంది, అదీ వాళ్ళు అడగబోయేది కాకుండా తనకి నచ్చినదానికి. ఆవిడకి సర్టిఫికెట్ల ఆఫీసు ఎదురుగా చిన్న జిరాక్స్ షాపు ఉంది. నేను అందులో మిషను తిప్పుతాను, ఆవిడ మా ఇద్దరినీ తిప్పుతుంది.

ఉద్యోగం పోయాక కూడా బాబాయి పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చునేవాడు. ఓ రోజు ఉండబట్టలేక అడిగాను, ఎక్కడికి బాబాయ్ అని. "ఎక్కడికీ లేదే. చొక్కా వేసుకోకపోతే రోజు మొదలైనట్టుండదు" అన్నాడు. కాలరు సర్దుకుంటూ, "పెద్ద పని అక్కర్లేదు అమ్మాయ్. నేను వెళ్ళకపోతే ఆగిపోయే పని ఒక్కటుంటే చాలు" అన్నాడు. ఆ మాట నాకు మనసులో ముల్లులా ఉండిపోయింది.

మా షాపు ఎదురుగా ఉన్న ఆఫీసంటే మామూలు ఆఫీసు కాదు. మనిషి పుట్టినా పోయినా, ఇల్లు కొన్నా అమ్మినా అక్కడ ముద్ర పడాల్సిందే. అంత పెద్ద భవనానికి కిటికీ మాత్రం ఒక్కటే. ఆ కిటికీ వెనక గుమాస్తాకి టీ అలవాటు ఎక్కువ. ఆయన గ్లాసు ఎత్తినప్పుడల్లా రెక్క మూసుకునేది, క్యూ పొడుగు పెరిగేది.

ఓ పొద్దున బేకరీ ఆవిడ చేతులకి పిండితో మా షాపులోకి వచ్చి, లబలబలాడింది. కాగితం కాపీ తీయించుకోవాలంటే క్యూ వదలాలి, వదిలితే చోటు పోతుంది, అక్కడ పొయ్యిలో బన్నులు మాడిపోతాయి. ఆవిడ మాట పూర్తి కాకముందే మా పిన్ని, షాపుకి టిఫిన్ తెచ్చిన బాబాయి వైపు తిరిగి, "ఏవండీ, వెళ్ళి ఈవిడ చోట్లో నిలబడండి" అని అరిచింది. బాబాయి వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ బన్నులు తీసి, కొట్టు తుడుచుకుని, మధ్యాహ్నం తీరిగ్గా వచ్చేసరికి ఆయన సరిగ్గా కిటికీ ముందున్నాడు. "మీరు దేవుడండీ" అని చేతిలో డబ్బులు పెట్టి, పైన ఓ బన్ను కూడా పెట్టింది.

మా పిన్ని అంతా చూస్తూనే ఉంది. ఆవిడ కళ్ళు అలా మెరిశాయంటే ఇంట్లో ఏదో ఒకటి అమ్ముడుపోతుందని మాకందరికీ తెలుసు. ఇదివరకు ఓసారి మంచం పోయింది, ఓసారి నా సైకిలు పోయింది. ఈసారి బాబాయి వంతు వచ్చింది.

మర్నాడే నా చేత బోర్డు రాయించింది. "మీ తరఫున నిలబడతాం." కింద ఓ బాణం గుర్తు, షాపు వైపు. వారం తిరక్కుండా బాబాయి ఒక్కడూ సరిపోలేదు. బాబాయి పాత దుకాణంలోనే ఉద్యోగం పోయిన ఇంకో ఇద్దరు లిఫ్టు మనుషుల్ని, రిటైరైన డ్రాయింగు మాస్టార్ని, తన సొంత తమ్ముణ్ణి, అంటే మా మామయ్యని పనిలో పెట్టింది. అందరికీ పసుపుపచ్చ టోపీలు. షాపు వెనక ఖాళీ జాగాలో బాబాయి వాళ్ళకి శిక్షణ ఇచ్చేవాడు. మోకాళ్ళు బిగించకూడదు. గడియారం ఉన్న వైపు చూడకూడదు. ముందున్నవాడితో స్నేహం చేసుకోవచ్చు గానీ వెనకున్నవాడితో వద్దు, వాడు తనని ముందుకి పంపించమని అడుగుతాడు. డ్రాయింగు మాస్టారు ఇవన్నీ శ్రద్ధగా వింటూ తలూపేవారు. మామయ్య మాత్రం నిలబడే నిద్రపోయేవాడు. క్యూ కదిలినా ఆయన కదిలేవాడు కాదు, వెనకవాళ్ళంతా పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పిన్ని తమ్ముడని కూడా చూడకుండా పనిలోంచి తీసేసింది.

అప్పట్లో బాబాయిని చూడాల్సింది. పొద్దున్నే టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని మరీ బయల్దేరేవాడు. వీధిలోవాళ్ళు స్తంభం గారూ అనడం మొదలుపెట్టారు. ఆ 'గారు' విన్న మొదటిసారి ఆయన వెనక్కి తిరిగి, ఇంకెవరినో పిలుస్తున్నారేమో అని చూశాడు.

బాగుపడుతుంటే పక్కవాళ్ళు చూస్తూ ఊరుకుంటారా? పక్క సందులో గొడుగుల దుకాణం ఆయన ఉన్నాడు, ఎండాకాలమంతా ఈగలు తోలుకునేవాడు. ఆయన మాకు పోటీగా "మీ తరఫున కూర్చుంటాం" అని బోర్డు పెట్టాడు. ఆయన మనుషులు మడత స్టూళ్ళ మీద దర్జాగా కూర్చుంటారు, నెత్తిన గొడుగు, క్యూ కదిలితే స్టూలుతో సహా జరుగుతారు. కూర్చున్నవాడు ఎక్కువసేపు ఉండగలడు కాబట్టి రేటు తక్కువ. పిన్ని ఇంట్లో గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమింది. తర్వాత ఆవిడ బుర్రలోంచి కొత్త సేవ ఊడిపడింది. మా మనిషి కిటికీ దగ్గరికి రాగానే దిగులు మొహం పెడతాడు. గుమాస్తాకి జాలేసి పని తొందరగా చేస్తాడు. దిగులు మొహానికి అదనం, కన్నీళ్ళకి ఇంకాస్త అదనం. డ్రాయింగు మాస్టారు ఇందులో ఆరితేరిపోయారు. ఓసారి ఎవరిదో స్కూటరు కాగితం కోసం ఆయన ఏడ్చిన ఏడుపుకి గుమాస్తా కూడా కళ్ళు తుడుచుకుని, టీ కూడా తాగకుండా ముద్ర వేశాడు.

దీనికి జవాబుగా గొడుగులాయన తెల్లవారకముందే మనుషుల్ని కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు, ఎవరూ అడగకుండానే. ముందు చోటు పట్టుకుంటే, తర్వాత వచ్చినవాళ్ళకి అమ్ముకోవచ్చు కదా. అది చూసి పిన్ని ఇద్దరిని అదనంగా నిలబెట్టింది. ఆయన నలుగురిని కూర్చోబెట్టాడు. చూస్తుండగానే క్యూ సందు మలుపు తిరిగింది. నిజంగా పనున్న మనిషి వచ్చి నిలబడాలంటే ఎక్కడో చెత్తకుండీ అవతల నిలబడాలి, లేదా మా దగ్గర చోటు కొనుక్కోవాలి.

బాబాయి ఓ రాత్రి కంచం ముందు కూర్చుని, "మన వెనక పనున్నవాళ్ళు నిలబడుతున్నారే. మనకే పని లేదు" అన్నాడు.

"వ్యాపారమంటే అంతే లెండి" అంది పిన్ని. "మీరు నిలబడండి, ఆలోచన నాకు వదిలేయండి."

అప్పుడే ఓ పుకారు పుట్టింది. వచ్చే వారం ఆఫీసు మూసేస్తారట, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో తెలీదట. ఇక జనం ఎగబడతారని పిన్నికీ గొడుగులాయనకీ ఒకేసారి తోచింది. పిన్ని బంధువులందరినీ పిలిపించింది. మామయ్యని కూడా బతిమాలి మళ్ళీ పనిలో పెట్టుకుంది. గొడుగులాయన పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే కుర్చీలు కూడా తెప్పించాడు. ఆ పొద్దున క్యూ చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. ఒక టోపీ, ఒక గొడుగు, ఒక టోపీ, ఒక గొడుగు. జనం మాత్రం రాలేదు. పుకారు వట్టిదని అందరికీ ముందే తెలిసిపోయిందట, మాకు తప్ప.

గుమాస్తా కిటికీ రెక్క తీశాడు. అందరికంటే ముందు బాబాయి.

"చెప్పండి, ఏ కాగితం కావాలి?"

"ఏదీ వద్దండి" అన్నాడు బాబాయి. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు.

"మరెందుకు వచ్చారు?"

"నిలబడ్డానండి, అంతే."

"తర్వాతి వాళ్ళు" అన్నాడు గుమాస్తా.

"నాకూ ఏమీ వద్దండి" అన్నాడు వెనక స్టూలు మీదాయన. "కూర్చున్నాను."

అలా పదిమందిని అడిగాక గుమాస్తా గ్లాసు పక్కన పెట్టి, బయటికొచ్చి, ఒక్కొక్కరినీ అడుగుతూ సందు మలుపు దాకా వెళ్ళాడు. డ్రాయింగు మాస్టారికి ఏం చెప్పాలో తోచక అలవాటు కొద్దీ ఏడ్చేశారు. మామయ్యని నిద్ర లేపితే "ముందుకి కదిలిందా?" అన్నాడు. చెత్తకుండీ అవతల, అందరికంటే చివర, పసిపిల్లని భుజాన వేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. పాప పుట్టిన సర్టిఫికెట్ కోసం తెల్లవారుజామునే వచ్చిందట. అంత పెద్ద క్యూలో పనున్న మనిషి ఆవిడ ఒక్కతే.

బాబాయి మొహం కందగడ్డలా అయింది. టోపీ తీసి జేబులో కుక్కుకుని, గబగబా నడిచి వెళ్ళి, ఆవిణ్ణి తీసుకొచ్చి తన చోట్లో నిలబెట్టాడు. ఆయన గబగబా నడవడం నేను చూడ్డం అదే మొదలు. ఈ గొడవకి పై అంతస్తులోంచి ఆఫీసరమ్మ దిగి వచ్చింది.

"మీరంతా ఎవరు?" అంది.

"సేవ చేస్తున్నామండి" అంది మా పిన్ని, గర్వంగా.

"ఎవరికి?"

మా పిన్ని జవాబు కోసం టోపీల వరసంతా కలియజూసింది. గొడుగులాయన వైపు చూసింది. ఆయన గొడుగు కాస్త కిందికి దించుకున్నాడు.

ఆ నెల తిరిగేసరికి ఫోను టోకెన్లు వచ్చేశాయి. ఇంట్లోంచే టోకెన్ తీసుకోవాలి, మన వంతు రాగానే ఫోను మోగుతుంది, వెళ్ళాలి, ముద్ర వేయించుకుని రావాలి. క్యూ కాస్తా మాయమైంది. నిజం చెప్పొద్దూ, జనానికి ప్రాణం లేచొచ్చింది. నాకూ సంతోషమే వేసింది, పిన్ని ముందు అనలేదంతే. పాత పనిని ఊడ్చేసి కొత్త పని వస్తుంది, లోకం బాగుపడుతుంది అని పేపర్లో పెద్దపెద్దవాళ్ళు రాస్తారు. బాగుపడుతుంది, నేను కాదన్లేదు. ఆ ఊడ్చినప్పుడు చీపురు కిందికి వచ్చిన మనిషి ఆ సాయంత్రం ఎక్కడికి పోవాలో కూడా ఓ ముక్క రాస్తే బాగుండు. మా బాబాయి రెండోసారి చీపురు కిందికి వచ్చాడు.

కొన్నాళ్ళు ఆయన వెళ్ళి ఖాళీ కిటికీ ముందు ఒక్కడే నిలబడ్డాడు. గుమాస్తా మంచివాడు, తన టీలో సగం పోసిచ్చి, "ఎండలో ఎందుకండీ స్తంభం గారూ, ఇంటికెళ్ళండి" అన్నాడు. ఆ మర్నాడు బాబాయి చొక్కా వేసుకోలేదు. బనీనుతోనే కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత రోజు కూడా అంతే. పిన్ని వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "ఆయన చేత మళ్ళీ చొక్కా తొడిగించకపోతే నేను మనిషినే కాదు" అంది.

ఇక మొదలైంది. ముందు సభల్లో చప్పట్లు కొట్టే పని తెచ్చింది. బాబాయి మొహమాటానికి, ఎవరు మాట్లాడినా మధ్యలో ఆపకూడదని, సభ అయిపోయి అందరూ వెళ్ళాక కొట్టాడు. తర్వాత ఆయన లిఫ్టు నడిపిన బట్టల దుకాణం వాళ్ళనే పట్టుకుని, అద్దాల వెనక కోటు తొడుక్కుని బొమ్మలా నిలబడే పని ఇప్పించింది. అది దివ్యంగా సాగింది. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూసినా ఆయన రెప్ప వేసేవాడు కాదు. ఓ పెద్దాయన దుకాణం లోపలివైపు నుంచి వచ్చి కోటు పట్టుకుని చూసి, "ఎంత ఉంటుందో ఇది" అని తనలో తను అనుకున్నాడు. పాపం అడుగుతున్నాడు కదా అని బాబాయి ధర చెప్పాడు. పెద్దాయన్ని రిక్షాలో ఇంటికి చేర్చాల్సి వచ్చింది. బాబాయి మళ్ళీ బనీనులోకి వచ్చేశాడు.

ఇంతలో మా ఇంట్లో వాషింగ్ మిషను చెడిపోయింది. కంపెనీకి ఫోను చేస్తే, "రేపు పొద్దున్నుంచి సాయంత్రం లోపు మనిషి వస్తాడు, ఇంట్లో ఉండండి" అన్నారు. పిన్ని ఫోను మీద విరుచుకుపడింది. "పొద్దున్నుంచి సాయంత్రం అంటే ఏమిటయ్యా, అది టైమా, నా ఖర్మా?" అని. బాబాయి కుర్చీలోంచే, "నేనున్నాగా" అన్నాడు. ఉన్నాడు. మెకానిక్ సాయంత్రం చీకటి పడబోతుండగా వచ్చాడు. వచ్చేసరికి నీళ్ళ గొట్టం మూసి ఉంది, మిషను ముందుకి జరిపి ఉంది, టార్చిలైటు సిద్ధంగా ఉంది. ఆ మెకానిక్ ఇలాంటి ఇల్లు చూడలేదట.

ఈ సంగతి విని బేకరీ ఆవిడ నిట్టూర్చింది. తనకి పార్శిళ్ళు వస్తాయి, పొయ్యి వదిలి ఇంటికెళ్ళేలోపు వాళ్ళు బెల్లు కొట్టి పారిపోతారు. బాబాయి ఆ రాత్రి చాలాసేపు ఆలోచించి, పిన్నిని పిలిచాడు.

"క్యూ పోలేదే" అన్నాడు. "ఇళ్ళలోకి వెళ్ళిపోయింది, అంతే. ఇదివరకు అందరూ వీధిలో కలిసి ఎదురుచూసేవాళ్ళు. ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళు ఎదురుచూస్తున్నారు. గ్యాసాయన కోసం, పార్శిలాయన కోసం, ఇంటర్నెట్టాయన కోసం. వాళ్ళకి ఉద్యోగాలుంటాయి కదా. మనం వెళ్ళి వాళ్ళింట్లో కూర్చోవచ్చు."

పెళ్ళయ్యాక బాబాయి చెప్పిన మొదటి ఆలోచన అది. పిన్ని జవాబు చెప్పకుండా చివరిదాకా వినడం కూడా మొదటిసారే. విని, "ఇది నాకెందుకు తట్టలేదు?" అని కోపంగా అంది. మర్నాడు నేను బోర్డు మీద 'నిలబడతాం' కొట్టేసి 'ఎదురుచూస్తాం' అని రాశాను. గొడుగులాయన స్టూళ్ళతో సహా వచ్చి మాలో చేరిపోయాడు. మామయ్యకి కూడా పని దొరికింది, బెల్లు మోగితే ఆయనకి మెలకువ వస్తుందని తేలింది.

పిన్ని బుర్ర ఊరుకుంటుందా. మేడ మెట్ల మీద ఒక్కడిని కూర్చోబెడితే అన్ని అంతస్తుల తలుపులూ చూసుకోవచ్చు, ఎక్కువ ఇళ్ళు పట్టవచ్చు అంది. బాబాయి ఒప్పుకోలేదు. "మెట్ల మీద కూర్చోడానికి తాళాలు ఎందుకిచ్చారే వాళ్ళు? నమ్మి ఇచ్చారు. ఇంట్లోనే ఉండాలి" అన్నాడు. ఆవిడ మూతి ముడుచుకుంది గానీ ఎదురు చెప్పలేదు.

తర్వాత ఓ నర్సు వచ్చింది. పక్క వీధిలో ఒక్కతే ఉంటుంది, ఆసుపత్రిలో డ్యూటీ. వారం వారం ఓ రోజు, మధ్యాహ్నం నుంచి తను వచ్చేదాకా బాబాయి ఉండాలంది. మొదటి వారం ఏదీ రాలేదు. రెండో వారం కూడా రాలేదు. బాబాయికి గుబులు పట్టుకుంది, తను బాత్రూములోకి వెళ్ళినప్పుడు బెల్లు మోగిందేమోనని అక్కడున్నంతసేపు మంచినీళ్ళు తాగడం కూడా మానేశాడు. మూడో వారం నేను ఆయనకి టిఫిన్ బాక్సు తీసుకెళ్ళాను. చిన్న గది, బల్ల మీద బోర్లించిన ఒక్క కప్పు, తీగ మీద ఆరేసిన ఒక్క తువ్వాలు. బాబాయి కుర్చీలో తలుపుకి ఎదురుగా కూర్చున్నాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని.

సాయంత్రం మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఆయన లేచి తలుపు తీశాడు. నర్సు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది, బాగా అలిసిపోయినట్టుంది.

"ఇవాళ కూడా ఏదీ రాలేదమ్మా" అన్నాడు బాబాయి, తప్పు తనదే అయినట్టు. "నేను కదల్లేదు. అసలు ఏం రావాలో చెప్తే కనుక్కుంటాను."

ఆ అమ్మాయి తల వంచుకుంది. "ఏమీ రావక్కర్లేదు బాబాయి గారూ. నేనే రావాలి" అంది. "నా తాళం నేనే తీసుకుని ఖాళీ ఇంట్లోకి రావాలంటే భయంగా ఉంటోంది. ఎవరో ఒకరు తలుపు తీస్తే బాగుంటుందని."

బాబాయి పక్కకి జరిగి, "రా అమ్మా, లోపలికి రా. కాళ్ళు కడుక్కో, టీ పెడతాను" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాం. పిన్ని కళ్ళు మెరిశాయి. "అంటే, ఏదీ రాకపోయినా ఎదురుచూసే సేవ. దానికి వేరే రేటు పెట్టి..." అంటూ వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టింది. బాబాయి రేపటి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పిన్ని ఆయన వంక చూసింది. మడిచిన వేళ్ళు ఒక్కొక్కటే విప్పేసింది.

"వారానికి ఓ రోజేమిటండీ, మిగతా రోజులు ఆ పిల్ల ఒక్కతే తాళం తీసుకుని లోపలికి వెళ్ళొద్దూ?" అంది. "రోజూ వెళ్ళండి. డబ్బులు అడక్కండి. కాస్త ముందే వెళ్ళండి, ఎప్పుడైనా తొందరగా వచ్చేస్తుందేమో."